నా నలుపు చెప్పబోయిన మాట

తెల్లబడదామని పోయి చావబోయినవాణ్ణి నేను. రాయడానికి సిగ్గుగానే ఉంది గానీ, ఈ ఒక్క మాట ముందే ఒప్పేసుకుంటే మిగతాది రాయడం సులువు. ప్రొద్దుటూరులో పాతికేళ్ళుగా కంసాలి పని చేస్తున్నాను. నగ చేతికి ఇవ్వగానే రంగు చూసి, రాయి మీద ఒక్క గీత గీసి, ఇందులో రాగి ఎంత కలిసిందో చెప్పగలనని బజారులో నాకు పేరు. ఊరందరి బంగారం వన్నె చెప్పేవాణ్ణి, నా ఒంటి వన్నె ఎందుకు మారుతోందో ఆరు నెలలు కనుక్కోలేకపోయాను. కనుక్కోలేకపోవడం అజ్ఞానం. కనుక్కున్నాననుకుని సొంత వైద్యానికి దిగడం మూర్ఖత్వం. నేను రెండింటిలోనూ మొదటి తరగతిలో పాసయ్యాను.

ఇప్పుడు ప్రాణానికి భయం లేదు. అందుకే రాస్తున్నాను. మీ ఇంట్లో ఎవరైనా ఉన్నట్టుండి నల్లబడుతూ, చిక్కిపోతూ, ఉప్పు కోసం అల్లాడుతుంటే, ముందు నన్ను చూసి నవ్వుకోండి. నవ్వుకున్నాక వాళ్ళ నోరు తెరిపించి చిగుళ్ళు చూడండి.

ఏప్రిల్, మే

చేతులతో మొదలైంది. వేళ్ళ కణుపులు నల్లబడ్డాయి. తరవాత అరచేతిలో గీతలు, ఎవరో పెన్సిలుతో దిద్దినట్టు. కంసాలి చెయ్యి నల్లబడితే అదొక వార్తా? ద్రావకం, వెండి, కుంపటి పొగ, వీటి మధ్య బతికేవాడి చెయ్యి తెల్లగా ఉంటేనే అనుమానించాలి. అందుకని నా చేతులకు నగకు చేసే వైద్యమే చేశాను. మాసిన నగ వస్తే మేము చింతపండు రసంలో నానేసి, కుంకుడు నురుగు పెట్టి, బ్రష్షుతో రుద్దుతాం. కాసేపట్లో అది కొత్త పెళ్ళికూతురైపోతుంది. నేను రెండు చేతులనూ చింతపండు గిన్నెలో ముంచుకుని వారం రోజులు రుద్దాను. నగ అయితే మురికి వదిలేది. నాకు తోలు వదిలింది. తోలు లేచి మానిన చోట మచ్చ చుట్టుపక్కల కంటే ఇంకా నల్లగా తేలింది.

"ఏందయ్యా, చేతుల్తో చారు పెడతాండావా?" అంది నా భార్య రమాదేవి ఆ గిన్నె చూసి.

తరవాత మెడ, మోచేతులు, పెదవులు, చివరికి మొహం. ఎండ అన్నాను. మా ఊరి ఎండ మీద ఎంత నేరమైనా మోపొచ్చు, అది కాదనదు.

రమాదేవికి నలుపు మీద పట్టింపు లేదు. ఆమె చూసింది వేరు. "రంగు సంగతి ఇడ్సిపెట్టు. నీ ప్యాంటు జారిపోతాంది, అది సూడు. బెల్టుకు ఇంగో బొక్క పొడిస్తివి. తిండి యాడ తింటాండావు నువ్వు?"

నిజమే, తిండి సయించడం లేదు. పోపు వాసన తగిలితే కడుపులోంచి రోత లేచి గొంతు దాకా వచ్చేది. నాలుగు మెతుకులు కెలికి లేచేవాణ్ణి. ఒక్క ఉప్పు మాత్రం కావాలి. ఆవకాయ కలిపే రోజులవి. జాడీ అడుగున దిగిన ఉప్పూటను గరిటెతో తీసుకుని తాగేవాణ్ణి. వంటింట్లోకి మంచినీళ్ళకు పోయినట్టు పోయి, రాళ్ళుప్పు రెండు గడ్డలు బుగ్గన పెట్టుకుని, పాన్ నమిలేవాడిలా బయటికి వచ్చేవాణ్ణి. రమాదేవి నాన్న బీపీతో కూలిపోయిన మనిషి. ఉప్పంటే ఆమెకు పాము. ఒకరోజు నా బుగ్గలో చప్పుడు విని నోరు తెరిపించింది.

"సిగ్గులేదా? ముండమోపిని చెయ్యాలనుకుంటాండావా నన్ను?" అని ఉప్పు జాడీ బీరువాలో పెట్టి తాళం వేసింది. బంగారం పెట్టే అరలో ఉప్పు. ఆ తాళంచెవి కోసం నేను పడ్డ పాట్లు ఏ దొంగా పడి ఉండడు.

అప్పుడే ఆమె నా నోట్లోకి ఇంకొంచెం తేరిపార చూసి ఉంటే, లేదా నేను అద్దంలో ఒక్కసారి ఇకిలించి ఉంటే, ఈ కథ అక్కడే అయిపోయేది. చిగుళ్ళ మీద సిరా చిమ్మినట్టు మరకలున్నాయని నాకు తెలిసింది సెప్టెంబరులో.

జూన్

జమ్మలమడుగులో మా బావమరిది శంకర ఇంటి గృహప్రవేశం. శంకర మంచివాడే, కానీ నలుగురు కనిపిస్తే చాలు, ఆ నలుగురినీ నవ్వించడానికి ఐదోవాణ్ణి బలి ఇస్తాడు. గుమ్మం దాటుతుండగానే అందుకున్నాడు.

"ఏం బావా, గండికోట బండల మీద పరిచి ఎండబెట్టినారా నిన్ను?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అందరికంటే గట్టిగా. ఫోటో దిగేటప్పుడు, "బావను నడిమధ్యన నిలబెట్టండప్పా, లేకుంటే పండ్లను బట్టి ఎతుక్కోవాల" అన్నాడు. మళ్ళీ నవ్వాను. బంతిలో కూర్చుని నేను పప్పులోకి మూడోసారి ఉప్పు అడిగితే, "గొర్రెలకు మంద కాడ పెడతారే, అట్ల బావకు ఒక ఉప్పుగడ్డ కట్టండిరా, నాకుతాంటాడు" అన్నాడు. దానికీ నవ్వబోయాను గానీ, పక్కాయన విస్తట్లో వడ్డించిన నెయ్యి వాసన తగిలి లేచి పెరట్లోకి పరుగెత్తాను.

కొత్త ఇంటి కొత్త గోడ మీద మొదటి గుర్తు నాదే. గోడ పట్టుకుని వాంతి చేసుకుంటుంటే, వెనక కిటికీలోంచి ఎవరో ముసలామె గొంతు వినబడింది: "రమాదేవి మొగుడు ఎర్రగా ఉండె కదా పెండ్లప్పుడు. ఏం రోగమో ఏమో." 'ఏం రోగమో' అన్న మాట అంత పెద్ద ఇంట్లో ఆమె ఒక్కతే అంది. దాన్నీ నేను తిట్టుకింద జమకట్టుకున్నాను.

తిరుగు బస్సులో రమాదేవి అడిగింది.

"వాడు అట్లంటాంటే నవ్వుతావేంది నువ్వు?"

"ఏడిస్తే బాగుంటాదా?"

"రెండూ కాదు. నాకు బాగలేదురా అని చెప్పొచ్చు."

ఆ మాట నా నోటికి రాలేదు. నాకు ఒంట్లో బాగాలేదని ఒప్పుకోవడం కంటే, రంగు బాగాలేదని ఒప్పుకోవడమే తేలికగా అనిపించింది. రంగుదైతే మెరుగు పెట్టుకోవచ్చు. మర్నాడు శంకర ఫోన్ చేశాడు. తప్పు చేశానని లోపల ఉన్నట్టుంది, గొంతు మెత్తబడింది. "బావా, మీ ఊర్లోనే బస్టాండు కాడ ఒక సెంటరుండాదంట. మా స్నేహితుని పెండ్లాం పోయొచ్చి పాలమాదిరి అయిపోయింది. ఒకసారి సూపిచ్చుకో."

జూలై, ఆగస్టు

ఆ సెంటరు పేరు చెప్పను. చెబితే అదొక ప్రచారం. పైఅంతస్తులో అద్దాల తలుపు, లోపల చలి పుట్టించే ఏసీ, తెల్ల సోఫాలు, తెల్ల గోడలు, తెల్ల పూలు. రంగున్నవి అక్కడ మేమే, అంటే వేచి ఉన్నవాళ్ళం. ముహూర్తం దగ్గరపడ్డ పెళ్ళికొడుకు ఒకడు, కువైట్ నుంచి సెలవుకు వచ్చి ఎండ దెబ్బను దులుపుకుని పోదామనుకున్న మేస్త్రీ ఒకాయన, తల్లి పక్కన తలవంచుకుని కూర్చున్న కాలేజీ అమ్మాయి. ఎవరూ ఎవరి మొహమూ చూసుకునేవాళ్ళం కాదు. ఎన్నో ఆసుపత్రుల్లో కూర్చున్నాను, పక్కవాడు "ఏమప్పా, నీకేంది?" అని అడగని చోటు అదొక్కటే. అందరికీ జబ్బు మొహం మీదే రాసి ఉందని అందరికీ నమ్మకం.

యజమాని తెల్లకోటు వేసుకుని వచ్చాడు. డాక్టరా అని నేను అడగలేదు. కోటు నన్ను అడగనివ్వలేదు. నా మొహాన్ని గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు, నేను కుదువకు వచ్చిన గిన్నెను తిప్పినట్టు.

"ఇది ట్యాన్ అన్నా. డీప్ ట్యాన్. లోపల్నుంచి తీయాల."

ఏవో కాగితాల మీద సంతకాలు చేయించుకున్నారు. వారానికొకసారి చేతికి సూది గుచ్చి, మెరుపు మందట, సీసాతో ఎక్కించేవారు. రెండు పూటలా పూసుకోవడానికి ఒక క్రీము ఇచ్చారు. దాని వాసన గులాబీలు కుళ్ళిన తొట్టిలో తల పెట్టినట్టుండేది. అది పూసుకుని అద్దం ముందు నిలబడితే, సున్నం కొట్టిన పొయ్యి నావైపు చూసేది. నా మీద నాకే రోత పుట్టేది, ఆ రోతకు మందు ఇంకొంచెం క్రీము.

అన్నిటికంటే ముఖ్యమైన సలహా చివర ఇచ్చాడు. "ఉప్పు, పులుపు పూర్తిగా బంద్. ఉప్పు రక్తాన్ని నల్లబరుస్తాది."

పెళ్ళాం మొత్తుకుంటే మాననివాణ్ణి, తెల్లకోటు చెబితే మానేశాను. జీవితంలో ఒక వైద్యుడి మాట తూచా తప్పకుండా విన్నది అదొక్కసారే, అతను వైద్యుడు కాకపోవడం నా ఖర్మ. రమాదేవి ఎంత సంతోషపడిందో చెప్పలేను. బీరువా తాళం తీసి ఉప్పు జాడీని వంటింట్లోకి తెచ్చి పెట్టింది. "ఇన్నాళ్ళకు బుద్ధొచ్చింది" అంది. సప్పిడి కూడు నేను తింటుంటే పక్కనే కూర్చుని తనూ సప్పిడిదే తినేది, నాకు తోడుగా.

పదిరోజుల్లో లేచి నిలబడితే కళ్ళు చీకట్లు కమ్మడం మొదలైంది. గోడలు, తలుపులు, చివరికి గిరాకీల భుజాలు కూడా పట్టుకుని నడిచేవాణ్ణి. పిక్కలు గుంజేవి. కుంపటి ముందు కూర్చుని, ఊదుగొట్టం నోట్లో పెట్టుకుంటే ఊదడానికి ఊపిరి చాలేది కాదు. మధ్యాహ్నం బల్ల మీద తల వాల్చి నిద్రపోతే నన్ను లేపడానికి పక్క అంగడివాళ్ళు నీళ్ళు చల్లిన రోజులున్నాయి. సెంటరుకు పోయి చెప్పాను.

"మంచిదే అన్నా. లోపలి విషాలు బయటికి పోతాండాయి."

విషాలు కాదు, ప్రాణం పోతోంది. అది నాకు తెలియలేదు. అతనికి తెలియాల్సిన అవసరం లేదు.

సెప్టెంబరు

పులివెందులలో ఒక రైతు మనవరాలికి చెవులు కుట్టాలని పిలిచారు. ఆ ఇంట మూడు తరాల చెవులు మా నాయన, నేను కుట్టినవే. రాలేనని చెప్పు అంది రమాదేవి. చెప్పలేక బయల్దేరాను. నా ఒంటి మీద నమ్మకం చాలక ఆమె వెంట వచ్చింది.

పాపను మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టారు. ముందు పసుపు కుంకుమలు, తమలపాకులు, బెల్లం పెట్టిన ఇత్తడి పళ్ళెం. చెవి తమ్మెకు చుక్క పెట్టాను. బంగారు తీగ చేతిలోకి తీసుకున్నాను. తీగ వణుకుతోంది. తీగ ఎందుకు వణుకుతుంది, నా చెయ్యే. ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకుని మళ్ళీ వంగాను. ఆ పాప నన్ను నమ్మి, నోట్లో బెల్లం ముక్క పెట్టుకుని, కళ్ళు పెద్దవి చేసి చూస్తోంది. నా చేతికీ ఆమె కంటికీ మధ్య జానెడు దూరం లేదు.

"ఆగు" అంటూ ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు.

ఆమె నూర్జహాన్ అక్క. ఆ రైతు ఇంటి పక్కిల్లు. కువైట్ ఆసుపత్రిలో చాలా ఏళ్ళు నర్సుగా చేసి, ఊరికి తిరిగొచ్చిన మనిషి. పేరంటానికి వచ్చి, సూది పట్టే చెయ్యి ఎట్లుందోనని అలవాటు కొద్దీ నా చేతినే చూస్తూ కూర్చుందట. నా మణికట్టును వదలకుండా అరచెయ్యి తిప్పి, గీతలను బొటనవేలితో రుద్ది చూసింది.

"ఇది పనిలో అంటిన నలుపు కాదప్పా. నోరు తెరువు."

తెరిచాను. నోట్లోంచి మాట రావాల్సింది, వాంతి వచ్చింది. వచ్చి సరిగ్గా పసుపు కుంకుమల పళ్ళెంలో పడింది.

ఆ ఇంట్లో లేచిన గోల రాయలేను. "అయ్యో, శుభమా అని చెవులు కుట్టిచ్చాంటే" అని ఒకరు, "తాగొచ్చినాడేమో" అని ఒకరు. పాప ఏడుపు. పక్కకు ఒరిగిపోతున్న నాకు అందరి పాదాలూ వెనక్కి జరగడం కనబడింది. రెండు జతల పాదాలు మాత్రం ముందుకు వచ్చాయి. ఒకటి రమాదేవివి. ఇంకొకటి నూర్జహాన్ అక్కవి, పళ్ళెంలోంచి చిందినదాని మీదే నడుచుకుంటూ.

"అరె, మాటలు తర్వాత! ఆటో పిలవండి. చిగుళ్ళు సూడండి ఈ మనిషివి, బొగ్గు! ఏమ్మా, మీ ఆయన ఉప్పు ఎక్కువ అడుగుతాండాడా?"

"అడిగేవాడక్కా. మానిపిచ్చినాం" అంది రమాదేవి.

"యా అల్లా" అని మాత్రం అంది ఆమె.

అదే వారం, ఆసుపత్రిలో

పులివెందుల పెద్దాసుపత్రిలో సెలైను, దాంతోపాటు ఏదో ఇంజెక్షను. నాకు తెలిసింది ఇంతే: ఎండిపోయిన మొక్కకు నీళ్ళు పోస్తే ఆకు ఎట్లా లేస్తుందో, సాయంత్రానికి నా తల దిండు మీంచి అట్లా లేచింది. ఆరు నెలల తరవాత మొదటిసారి ఆకలేసింది. ఇంకొక్క రోజు ఆ సప్పిడి కూడు తిని ఇంట్లో పడుకుని ఉంటే లేచేవాణ్ణి కాదని డాక్టరమ్మ చెప్పింది.

ఆమె గోదావరి వైపు అమ్మాయి, చిన్న వయసు. ప్రతి మాటకూ 'అండి' తగిలించేది. మా మాట విని మేము పోట్లాడుకుంటున్నామని మొదట్లో కంగారుపడేదట. రక్తపరీక్ష పెద్ద ఊరికి పోయి రావాలి. ఆ రెండురోజులూ వార్డు బయట బల్ల మీద రమాదేవి, నూర్జహాన్ అక్క కూర్చున్నారు. అక్క ఇంటి నుంచి ఉప్పేసిన మజ్జిగ చెంబుతో తెచ్చేది. ఆమెకు నేను ఏమవుతాను? ఏమీ కాను. ఆమె బురఖా అంచు మీద నా వాంతి మరక ఇంకా ఉంది.

కాగితం వచ్చాక డాక్టరమ్మ మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

"మెదడు కింద శనగగింజంత గ్రంథి ఒకటుంటుందండి. మూత్రపిండాల మీద టోపీల్లాగా ఇంకో రెండు. ఒంట్లో ఉప్పు నిలపడం, సత్తువ నిలపడం ఆ టోపీల పని. పైనుంచి కబురు వస్తే ఇవి పని చేస్తాయి. మీ ఒళ్ళు పొరపాటున తన టోపీలను తానే పాడుచేసుకుందండి. పైనున్నది ఊరుకోదు కదా, పని జరగట్లేదని కబురు మీద కబురు పంపుతూనే ఉంది. ఆ కబురు ఒక పెద్ద ప్రొటీన్ని ముక్కలు చేస్తే వస్తుంది. ఆ ముక్కలు చర్మంలో రంగు కణాలను కూడా తట్టి లేపుతాయండి. కబురు ఎక్కువైన కొద్దీ మీరు నల్లబడ్డారు."

నాకు బాగా అర్థమైంది. ఒకే కడ్డీని కోసి ఒక ముక్క కమ్మలకు, ఒక ముక్క గొలుసుకు వాడతాం. కమ్మలు చేసేవాడు చచ్చిపోయాడని తెలియక పైనుంచి కడ్డీ మీద కడ్డీ కోస్తూ పోతే, గొలుసులు కుప్పలు పడతాయి. నా మొహం మీద పడింది ఆ కుప్ప. నా ఒళ్ళు ఆరు నెలలుగా 'ఉప్పు లేదు, సత్తువ లేదు' అని అరుస్తోంది. అరుపు వినబడదు కాబట్టి రంగుతో రాసి చూపించింది. నేను ఆ రాతను చెరపడానికి సూదులు గుచ్చుకున్నాను.

"ఎలుకల్లో దీనికి తలకిందులుగా ఒక రకం ఉందండి" అంది ఆమె, నేను శ్రద్ధగా వింటున్నానని ఉత్సాహపడి. "ఈ రంగు కబురును అడ్డుకునే ఇంకో ప్రొటీను వాటి ఒంట్లో ఎక్కడపడితే అక్కడ తయారవుతుంది. చర్మంలో అడ్డుకుంటే బొచ్చు పసుపు రంగుకు తిరుగుతుంది. మెదడులో అడ్డుకుంటే ఆకలికి అదుపు లేక బాగా లావెక్కుతాయి. రంగూ, తిండీ ఒకే రకం కబుర్ల మీద నడుస్తాయన్నమాట."

"పచ్చగా, బలంగా ఉంటాదా ఆ ఎలుక? మా తమ్మునికి అట్లాంటి బావ కావాల్సింటే" అంది రమాదేవి. చాలా రోజుల తరవాత ఆమె వేసిన జోకు. వేసిన వెంటనే ఏడ్చింది. "నేనే కదమ్మా ఉప్పు దాచిపెడితి. తాళమేసి మరీ."

"మీరు బెల్టు చూశారటగా అమ్మా. నూర్జహాన్ గారు చెప్పారు" అంది డాక్టరమ్మ. "అందరూ రంగు చూశారు, మీరు మనిషిని చూశారు."

రమాదేవి కళ్ళు తుడుచుకుంది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. ఏప్రిల్ నుంచి ఆమె చెబుతున్న మాటకు, ఒక్కసారి 'అవును, నాకు బాగాలేదు' అని ఉంటే సరిపోయేది. అనలేదు. రోతల్లోకెల్లా పెద్ద రోత అదే, మందు లేనిది.

అక్టోబరు నుంచి

రోజూ మాత్రలు, జీవితాంతం. ఒక్క పూటా మానకూడదు. జ్వరమొస్తే ఎక్కువ వేసుకుని డాక్టరు దగ్గరికి పోవాలి. జేబులో జబ్బు పేరు రాసిన కార్డు. ఉప్పు నాకు ఇప్పుడు డాక్టరు చీటీ మీదే ఉంది. ఈ జబ్బు లేనివాళ్ళు నన్ను చూసి ఉప్పు తినకండి. రమాదేవి ఇప్పటికీ తన కంచంలో చిటికెడే వేసుకుంటుంది.

రంగు మెల్లగా దిగింది. నేను పుట్టిన చామనచాయ దగ్గర వచ్చి ఆగింది. అంతకంటే తెల్లగా నేనెప్పుడూ లేను. జమ్మలమడుగు ముసలామెకు గుర్తున్న ఎరుపు పెళ్ళిలో రాసిన పసుపుది అయ్యుంటుంది. శంకర వచ్చి, అరగంట మా ఇంటి ఫ్యాను బాగుచేసి పోయాడు. ఫ్యానుకు ఏ జబ్బూ లేదు. పులివెందుల పాప చెవులు నవంబరులో కుట్టాను. పిలిచింది వాళ్ళే. తీగ వణకలేదు.

కాస్త ఓపిక రాగానే సెంటరుకు పోయాను, నాలుగు మాటలు కడిగేద్దామని. మెట్లు ఎక్కేసరికి ఆయాసం వచ్చి మాట రాలేదు. తలుపు ఎదురుగా బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి నన్ను చూసి, "అన్నా! ఎంత బాగైపోయినావు! ఒక్క నిమిషం" అని ఫోటో తీయడానికి ఫోన్ ఎత్తింది. ఫోటో అనగానే పళ్ళు బయటపెట్టడం చిన్నప్పటి నుంచి నాకు అలవాటు. తిట్టడానికి పోయినవాణ్ణి ఇకిలించి వచ్చాను.

జనవరి

బస్టాండు నుంచి రమాదేవి ఫోన్. "ఏమయ్యా, యాడుండావు?"

"అంగట్లో."

"ఈడ కూడా ఉండావు. రెండు మొహాలతో ఏలాడతాండావు."

పోయి చూశాను. సెంటరు మెట్ల పైన, అద్దాల తలుపు పక్క గోడకు, మనిషెత్తు ఫ్లెక్సీ. ఎడమవైపు జూలై నాటి నేను, బొగ్గు. అది మొదటిరోజే తీశారట. కుడివైపు ఇకిలిస్తున్న నేను. నా చామనచాయ వాళ్ళకు చాలక కంప్యూటరులో ఇంకో రెండు పూతలు వేశారు, పిండిలో దొర్లించినట్టున్నాను. మధ్యలో బాణం గుర్తు. కింద 'మా చికిత్సతో మూడు నెలల్లో' అని.

నన్ను చంపబోయినవాడు నా బతుకును తన ఖాతాలో వేసుకున్నాడు. కేసు పెడదాం అంది రమాదేవి. నేను చదవకుండా పెట్టిన సంతకాల్లో ఫోటోకు ఒప్పుకున్నట్టు కూడా ఉందని, ఆరోజు ఫోటో తీసిన అమ్మాయి కాగితం చూపించింది.

అప్పుడు నాకు జీవితంలో మొదటిసారి ఒక మంచి ఆలోచన వచ్చింది. మర్నాడు పదింటికి పోయి ఆ తెల్ల సోఫాలో కూర్చున్నాను. నా అంతట నేను ఎవరినీ పలకరించలేదు. అవసరం రాలేదు. ఒక్కొక్కరు తలుపు దగ్గర ఫ్లెక్సీ చూసి, లోపలికి వచ్చి నన్ను చూసి, మళ్ళీ బయటికి పోయి ఫ్లెక్సీ చూసి వచ్చారు.

"అప్పా, నువ్వేనా అది?"

"నేనే."

"ఏం పూసినారు నీకు?"

చెప్పాను. ఉప్పు మానిపించింది, విషాలు పోతున్నాయన్నది, ఇత్తడి పళ్ళెం, అన్నీ. చెప్పి పెదవి పైకెత్తి చిగుళ్ళ మీద ఇంకా పోని మరకలు చూపించాను. చూపించాక, "ఏదీ, నీవి?" అన్నాను. ఆ గదిలో మొదటిసారి మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అనుమానంగా ఉన్నవాళ్ళను పెద్దాసుపత్రికి పొమ్మన్నాను. మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే లేచారు.

యజమాని తెల్లకోటుతో బయటికి వచ్చాడు. గట్టిగా అరవలేడు, గది నిండా జనం. "ఏందన్నా ఇది? ఊరికే వచ్చి కూర్చుంటే ఎట్ల?"

"ఊరికే యాడ? పెద్ద బొమ్మేసి పిలిచింది మీరే కదా."

అట్లా నాలుగు వారాలు, పని తక్కువున్న రోజు చూసుకుని పోయాను. టిఫిను తిని, మాత్ర వేసుకుని, ఉద్యోగానికి పోయినట్టు పోయేవాణ్ణి. అతను నన్ను గెంటలేడు. గెంటితే, బొమ్మలో ఉన్న మనిషినే గెంటారని ఊరంతా చెప్పుకుంటుంది.

నాలుగో వారం ఒక పిల్ల తల్లితో వచ్చింది. డిగ్రీ చదువుతోందట. నేరేడు పండు రంగు, నిగనిగలాడుతోంది. నిశ్చితార్థానికి ముందు 'రంగు కొంచెం తేల్చాల' అంది తల్లి. నేను నోరు తెరవమన్నాను. చిగుళ్ళు లేత గులాబీ రంగు. అరచేతులు చూశాను, గీతలు తేట. తింటాండావా అంటే, "మా యమ్మది కూడా నేనే తింటా" అంది.

"నీకేం రోగం లేదు తల్లీ" అన్నాను. "పాతికేళ్ళుగా రంగులు చూస్తాండా, కల్తీ లేదు. ఇంటికి పో."

పిల్ల ఫక్కున నవ్వి, తల్లి చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయింది. తల్లి రెండు మెట్లు గొణిగింది, మూడో మెట్టు మీద తనూ నవ్వింది.

సోఫాలన్నీ ఖాళీ అయ్యాయి. యజమాని లోపలికి పోయి ఒక స్టూలు తెచ్చి, తలుపు పక్కన వేసి, ఫ్లెక్సీ తాళ్ళు విప్పడానికి ఎక్కాడు. స్టూలు ఊగుతోంది. పడితే నేరం నా మీదికి వస్తుందని రెండు చేతులతో నేనే పట్టుకున్నాను. అతను ఎడమవైపు, నా నల్ల మొహం ఉన్న పక్క ముడి మీద చెయ్యి వేశాడు.

"ఆ తెల్లది ముందు విప్పప్పా" అన్నాను. "నల్లది చివర్లో. అదొక్కటే నిజం చెప్పింది."